అప్పు, మన్నింపు: గోదావరి ప్రాంత కతోలిక ప్రార్థనాభాషలో క్షమాభావన

తెలుగు కతోలికులు నిత్యం పఠించే ‘పరలోక జపం’లో క్షమను కోరే విన్నపం ‘అప్పు’, ‘మన్నించు’ అనే రెండు మాటలపై నిలిచి ఉంది. ప్రొటెస్టంటు సమాజాల్లో బహుళంగా వాడుకలో ఉన్న బైబిలు అనువాదం ఇదే సందర్భంలో (మత్తయి 6:12) ‘ఋణము’, ‘క్షమించు’ అనే సంస్కృతసమాలను గ్రహించింది. మూలం ఒకటే అయినా ఈ పదభేదం భావభేదానికి దారితీస్తుంది. 1976లో ఏర్పడిన ఏలూరు మేత్రాసన పరిధిలోని గోదావరి డెల్టా గ్రామీణ నేపథ్యంలో ఆ భేదాన్ని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

మత్తయి గ్రీకు పాఠంలో ‘అప్పులు’ అని ఉన్నచోట లూకా పాఠంలో (11:4) ‘పాపాలు’ అని ఉంది. రెండింటిలోనూ క్రియ ఒకటే. దానికి విడిచిపెట్టడం, పోనివ్వడం అని అర్థం. లాటిన్ పాఠంలోని క్రియ కూడా పంపివేయడాన్నే సూచిస్తుంది. తెలుగు ‘మన్నించు’ అంతటితో ఆగదు. గౌరవించు, ఆదరించు, క్షమించు అనే అర్థాలు మూడూ దానికున్నాయి. ‘మన్నన’తో దానికున్న బంధుత్వం స్పష్టమే. అందువల్ల తెలుగు ప్రార్థనలో బాకీ కొట్టివేయడంతోపాటు బాకీపడిన మనిషిని తిరిగి ఆదరణీయునిగా చూడటం కూడా ధ్వనిస్తుంది. ఈ ఛాయ తెలుగు నుడికారం చేకూర్చినదే.

గోదావరి తీరానికి క్షమ కొత్త విషయం కాదు. రాజమహేంద్రవరంలో నన్నయ రచించిన ఆదిపర్వంలో, తన మెడలో చచ్చిన పామును వేసిన పరీక్షిత్తుపై శమీకుడు కోపించడు. శపించిన కుమారుడు శృంగిని మందలించి, రాబోయే ఆపదను రాజుకు తెలుపడానికి శిష్యుణ్ణి పంపుతాడు. అక్కడ క్షమ తపస్వి సాధించుకున్న ఓర్పు. అది అతని అంతరంగసంపద. పరలోక జపంలోని మన్నింపు ఇద్దరి మధ్య తెగిన సంబంధానికి సంబంధించినది. పైగా అది తపస్వికి మాత్రమే కాక, ప్రార్థించే ప్రతివారికీ విధిగా నిర్దేశింపబడింది.

డెల్టాలో ‘అప్పు’ కేవలం ఉపమానం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన వరిసాగుతోపాటు కౌలు, పాలేరుతనం, పంటకాలపు బాకీలు గ్రామజీవితంలో భాగాలయ్యాయి. మామిడికుదురులో జన్మించిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో విద్య ద్వారా విముక్తిని దర్శించింది ఈ వ్యవస్థ నుండే. ఆ నాటకం కతోలిక రచన కాదు. అయినా ప్రార్థనలోని మాట ఏ నేల మీద వినబడుతున్నదో అది తెలుపుతుంది. భూస్వామి పద్దులో జీవితాంతం బాకీదారుగానే మిగిలిన కూలీ, ఈ ప్రార్థనలో అప్పిచ్చినవాని స్థానంలో నిలుస్తాడు. అతనికి జరిగిన అవమానం, దక్కని కూలి, ఎదుటివారు అతనికి పడిన అప్పులుగా లెక్కకు వస్తాయి. మన్నించే అధికారం అతనిది.

పీడితునికి క్షమను బోధించడం అన్యాయాన్ని సహించమనడమే కదా అన్న ఆక్షేపణ బలమైనది. బోధకుడు బలవంతుని పక్షాన నిలిచినప్పుడు అది నిజమవుతుంది కూడా. అయితే పదస్వభావం మరొకటి సూచిస్తున్నది. ఉన్నదని ఒప్పుకోని అప్పును కొట్టివేయడం సాధ్యం కాదు. కతోలిక సత్యోపదేశం పాపసంకీర్తనంలో పశ్చాత్తాపంతోపాటు పరిహారాన్నీ కోరుతుంది. దొంగిలించిన సొత్తును తిరిగి ఇవ్వడం వంటి నష్టపూరణ అందులో భాగమే. అపకారాన్ని మరచిపోవడం మనిషి చేతిలో లేదని కూడా అదే ఉపదేశం అంగీకరిస్తుంది. పదివేల తలాంతుల బాకీ రద్దయిన సేవకుడు నూరు దేనారాల కోసం తోటివాని గొంతు పట్టుకున్న ఉపమానంలో (మత్తయి 18:23-35) తీర్పుకు గురైనది మన్నన పొంది ఇతరులకు దానిని నిరాకరించినవాడే.

కాబట్టి ‘గతాన్ని వదలివేయడం’ అనే మాటకు ఈ ప్రార్థనాభాషలో విస్మృతి అని అర్థం చెప్పడం తగదు. పద్దును చదివి, బాకీని గుర్తించి, ఆపైన మనిషిని బాకీ కంటె మిన్నగా ఎంచడమే ఇక్కడి మన్నింపు. ‘క్షమ’ సహనాన్ని ప్రధానం చేస్తే, ‘మన్నన’ సమానతను కోరుతుంది. తెలుగు క్రైస్తవ వాఙ్మయాన్ని అధ్యయనం చేసేవారు కావ్యాలతోపాటు నిత్యప్రార్థనల పదజాలాన్ని కూడా సాహిత్యపాఠంగా స్వీకరించవలసిన ఆవశ్యకతను ఈ రెండు మాటలే తెలుపుతున్నాయి.