కమాను, గడప, సరిహద్దు: ఆసఫియా భవనం – భాషానిలయం

ఆసఫియా గ్రంథాలయ భవనంపై చర్చ తరచుగా దాని ముఖద్వారం వద్దనే ఆగిపోతుంది. 1891లో ఏర్పడిన ఈ సంస్థకు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున 1932లో శంకుస్థాపన జరిగి, 1936లో నూతన భవనం అందుబాటులోకి వచ్చింది. 1908 వరద అనంతరం నదికి ఇరువైపులా లేచిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వరుసలోనిదే ఈ కట్టడం. ఎత్తైన కమాను చదువరికి గౌరవమిస్తుంది. ఆ గౌరవం ఎవరి అనుగ్రహమో కూడా గుర్తుచేస్తుంది. అరబ్బీ, పారశీక, ఉర్దూ గ్రంథ సంపదకు పేరొందిన ఆ మందిరంలో తెలుగు చదువరి స్థానమేమిటన్న ప్రశ్నను శైలీవర్ణనలు దాటవేస్తాయి.

ఆ ప్రశ్నకు సమాధానం అంతకు మూడు దశాబ్దాల ముందే, భవనమే లేకుండా, వచ్చింది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. పుస్తకాల నిలయమని కాక భాషకు నిలయమని పేరు పెట్టుకోవడంలోనే దాని వాస్తు ఉంది. స్థాపకులలో నాయని వెంకటరంగారావు మునగాల జమీందారు. కొమర్రాజు లక్ష్మణరావు ఆ సంస్థాన దివాను. మునగాల కృష్ణా జిల్లాకు చెందినదైనా చుట్టూ నిజాం నేలే. రాజధానిలోని తెలుగు గ్రంథాలయానికి సరిహద్దు మనుషులు పూనుకోవడం యాదృచ్ఛికం కాదు.

ఇదే సరిహద్దు ఖమ్మం–భద్రాచలం అడవి అంచున మరింత కఠినంగా కనిపిస్తుంది. 1953 వరకు ఖమ్మం వరంగల్లు జిల్లాలో భాగం. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది. కనుక గ్రంథాలయ చట్టాలూ వేరే: అటు 1948 నాటి మద్రాసు చట్టం, ఇటు 1955 నాటి హైదరాబాదు చట్టం. ఆసఫియా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది ఈ రెండవ చట్టంతోనే. 1960 చట్టం రెంటినీ ఏకం చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు పన్ను ఆదాయాన్ని ఆధారం చేసింది.

అయితే భాషానిలయ భావన ఇక్కడ కొంత తడబడుతుంది. కోయ మాటలో నిలిచిన పాటకు, వంశకథకు అచ్చుపుస్తకాల బీరువాలో అర లేదు. తెలుగుకు ఆసఫియా ఎదుట ఎదురైన స్థితే తెలుగు ఎదుట కోయకు ఎదురైంది. గ్రంథాలయోద్యమ చరిత్రలు మొదటిదాన్ని విస్తరించి రాసి, రెండవదాన్ని ప్రస్తావించనైనా లేదు. ఈ లోగా సరిహద్దు మళ్ళీ కదిలింది: 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగలగా, దాని చుట్టుపక్కల కోయ పల్లెలు అనేకం ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి.