పొగ తగ్గాక వేసే మార్కు

కొనెమారా అనే ఐరిష్ సింగిల్ మాల్ట్ విస్కీ సీసా మూత తీస్తే గ్లాసును ముక్కు దాకా తీసుకురానక్కర్లేదు. పొగే ఎదురొస్తుంది. కట్టెల పొగ కాదు. కాస్త తారు, కాస్త డెట్టాల్, ఆరిన కుంపట్లో నీళ్లు చల్లినప్పుడు లేచే బూడిద వాసన, అన్నీ కలిసిన పొగ. పోయిన నెల ఆ మొదటి వాసనకే మురిసిపోయి నోట్‌బుక్‌లో వందకు 91 వేసేశాను. ఈ వారం ఆ అంకె కొట్టేశాను.

మనకు రాగి మాల్ట్ తెలుసు. రాగులు నానబెట్టి, మూటగట్టి, మొలకలొచ్చాక ఎండలో ఆరబోస్తాం. సింగిల్ మాల్ట్ కోసం బార్లీతో చేసేదీ మొదట ఈ పనే. కాకపోతే ఐర్లండ్‌లో అంత ఎండ ఎక్కడిది? తడి మొలకల్ని చిల్లుల నేల మీద పరిచి కింద నుంచి వేడి పెట్టాలి. ఆ మంటలో పీట్ వేస్తే పొగలోని ఫీనాల్స్ అనే వాసన పదార్థాలు గింజ పొట్టుకు పట్టేస్తాయి. గింజ తడిగా ఉన్నప్పుడే అంటుకోవాలి, ఆరాక ఎంత పొగ పెట్టినా అంతగా అంటదు. పీట్ అంటే బురదనేలల్లో నాచూ గడ్డీ వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న నల్లటి మట్టి. ఐర్లండ్‌లో దాన్ని టర్ఫ్ అంటారు. ష్లాన్ అనే పారతో ఇటుకల్లా కోసి, గాలికి ఆరబెట్టి, మనవాళ్లు పిడకలు పేర్చినట్టే కుప్పలు పేర్చుకుని చలికాలమంతా పొయ్యిలో వేసుకునేవారు.

అంత పీట్ ఉన్న దేశంలో పొగ విస్కీ అరుదైపోయింది. మూడుసార్లు కాచిన, పొగలేని, మెత్తటి సరుకే ఐరిష్ విస్కీ అన్న పేరు స్థిరపడింది. 1970ల చివరికి ఆ దీవి మొత్తమ్మీద మిగిలిన డిస్టిలరీలు మిడిల్టన్, బుష్‌మిల్స్ రెండే. 1987లో జాన్ టీలింగ్ అనే వ్యాపారి లౌత్ కౌంటీలో, బంగాళాదుంపల నుంచి ఆల్కహాల్ తీయడానికి ప్రభుత్వం కట్టిన పాత ఫ్యాక్టరీ కొని కూలీ డిస్టిలరీ పెట్టాడు. కొనెమారా అక్కడిదే. పేరేమో పడమటి తీరపు బురదనేలలది, పుట్టిందేమో తూర్పు తీరంలో. దీన్ని రెండుసార్లే కాస్తారు. పొగ తాలూకు బరువైన పదార్థాలు బట్టీలోంచి ఆలస్యంగా దిగుతాయి. మూడోసారి కాస్తే అవి ఇంకా పలచబడేవి. టీలింగ్ చేసిన ఈ ఎంపిక నాకు చాలా ఇష్టం.

ఇష్టం వేరు, మార్కు వేరు. వాసనకు 25, రుచికి 25, గుటక దిగాక మిగిలేదానికి 25, మొత్తం పొందికకు 25. నేను వేసే లెక్క ఇది. పీట్ ఉన్న విస్కీ దగ్గర ఈ లెక్క సులువుగా తప్పుతుంది, ఎందుకంటే పొగ మంచినీ కప్పేస్తుంది, లోపాన్నీ కప్పేస్తుంది. మొదటి రోజు నాకు జరిగింది అదే. పైగా ఆవకాయన్నం తిని గంట కూడా కాలేదు.

ఈసారి సాయంత్రం ఏమీ తినకుండా కూర్చున్నాను. మూతి సన్నగా ఉండే గ్లాసులో కొంచెం పోసి, దాని జోలికి పోకుండా ఇరవై నిమిషాలు ఆగాను. తర్వాత వాసన చూస్తూ పోయాను. కాసేపటికి ముక్కు పొగకు అలవాటు పడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నాకు కావలసిన ఘడియ అదే. పొగ వెనక్కి జరిగిన చోట తేనె కనిపించింది, పచ్చి ఆపిల్ తొక్క, దోరగా వేయించిన బార్లీ. అర చెంచా నీళ్లు కలిపితే తేనె ఇంకాస్త ముందుకొచ్చింది. నాలుక మీద మాత్రం నడిమి భాగం పలచన. నలభై శాతానికి దించి సీసాలో నింపిన సరుకు కదా, గుటక దిగాక తీపి తొందరగా వెళ్లిపోయి, చిరుచేదు బూడిద ఒక్కటే గొంతులో నిలిచింది. వాసనకు 22, రుచికి 20, మిగిలినదానికి 20, పొందికకు 21. మొత్తం 83.

గ్లాసు కడగకుండా ఒక సాసర్ మూసి పడుకున్నాను. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, సాసర్ తీసి చూశాను. అడుగున చుక్క లేదు, గోధుమరంగు మరక ఆరిపోయి ఉంది. ఆల్కహాల్ ఎప్పుడో ఎగిరిపోయింది. బరువైన ఫీనాల్స్ మాత్రం కదల్లేదు. ఆ వాసనలో ఘాటు లేదు, డెట్టాల్ లేదు. వాన పడి వెలిసిన తర్వాత తడిసిన పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంది, దాని వెంటే సన్నగా తేనె. పాలు పొంగే దాకా గ్లాసు పట్టుకునే నిలబడ్డాను.

నోట్‌బుక్ తీసి వాసన పక్కన 22 కొట్టేసి 23 వేశాను.