చింతపండు తగలని అర్ధరూపాయి

కోనసీమలో వెండి అర్ధరూపాయి అరుదేమీ కాదు. చెడిపోని అర్ధరూపాయి అరుదు. ముక్తేశ్వరం, అయినవిల్లి వైపు పాత ఇళ్ళలో దేవుడి పెట్టె తెరిస్తే కుంకుమ భరిణె పక్కన విక్టోరియా రాణివో, జార్జి రాజువో నాలుగు బిళ్ళలు కనబడుతూనే ఉంటాయి. శ్రావణ శుక్రవారం వచ్చిందంటే వాటిని చింతపండుతో రుద్ది, విభూతితో తోమి, తళతళలాడించి లక్ష్మీదేవి ముందు పెడతారు. కొన్నిటికి అంచున కొక్కెం అతికించి పిల్లల మెళ్ళో వేశారు. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు, డబ్బును దేవతగా చూసిన ఇల్లు అలాగే చేస్తుంది. అయితే నాణేల సేకరణలో పోటీపడేవారికి మాత్రం ఆ తోముడుతోనే బిళ్ళ పని అయిపోయినట్టు.

కారణం వెండి ఒంట్లోనే ఉంది. టంకశాలలో అచ్చు పడిన క్షణాన లోహం మధ్య నుంచి అంచుకు ఒత్తుకుపోతుంది. ఆ ఒరవడిలో కంటికి ఆనని సన్నటి గీతలు కిరణాల్లా పరుచుకుంటాయి. కొత్త నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే వెలుగు పట్టీలా చుట్టూ తిరిగేది ఆ గీతల వల్లే. చింతపండు పులుపు వాటి కొసలను తినేస్తుంది, విభూతి మిగిలినదాన్ని గీకేస్తుంది. ఆ తర్వాత కూడా మెరుపు ఉంటుంది కానీ అది తోమిన గరిటె మెరుపు, ఎటు వంచినా ఒకేలా ఉంటుంది. దశాబ్దాల తరబడి గాలిలోని గంధకం పట్టి వెండి మీద ఏర్పడే నీలి, గోధుమ రంగు పొరను మనవాళ్ళు మురికి అనుకుంటారు. సేకర్త దాన్ని గోటితో కూడా తాకడు. ఆ పొర సహజంగా కమ్మిందైతే, అడుగున మెరుపు బతికే ఉంటే, దానికి ధర పెరుగుతుంది కూడా.

చూడ్డానికి ఒక దీపం, ఒక భూతద్దం చాలు. బిళ్ళను అంచులతోనే పట్టుకోవాలి. ముందు ఎత్తుగా ఉన్న చోట్లు చూడాలి, అరుగుదల మొదలయ్యేది అక్కడే. విక్టోరియాకైతే చెంప, చెవి మీది జుట్టు. అయిదో జార్జికైతే కిరీటం పట్టీ, చెవి, శాలువా మీది ఏనుగు. తర్వాత అంచంతా తిప్పి చూడాలి. కొక్కెం ఊడదీసి అరగదీసిన చోట గళ్ళు చెదిరి ఉంటాయి. తూకం 5.83 గ్రాములు, అందులో వెండి పన్నెండింట పదకొండు పాళ్ళు. 1940 నుంచి వెండి సగానికి దిగింది, దొంగ నాణేలకు అడ్డుగా అంచు గళ్ళ మధ్య ఒక గాడి కూడా వచ్చింది. 1946, 47 బిళ్ళలు పూర్తిగా నికెల్. వాటికి అయస్కాంతం అతుక్కుంటుంది, వెండికి అతుక్కోదు. కోటిపల్లి రేవు దాటుతూ మన పెద్దలు గోదారమ్మకు వేసిన వెండి అయస్కాంతాలతో గాలించేవారికి దొరకదు. దొరికినా ఇసుకకు ఒరుసుకుపోయి ఉంటుంది.

చెడని నాణేల కోసం పడే ఈ పోటీ రుచి బాగా తెలిసినవాళ్ళు అమెరికా అర్ధడాలరు సేకర్తలు. నాణెం స్థితికి 70 మెట్ల కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ అక్కడి పాత రాగి సెంట్ల కోసం తయారుచేశాడు. 1980లలో గ్రేడింగ్ సంస్థలు దాన్నే అందుకుని నాణేలను ప్లాస్టిక్ పెట్టెల్లో మూసి, అంకె వేసి ఇవ్వడం మొదలుపెట్టాయి. 60, ఆపైన వస్తే చేతులు మారని నాణెమని లెక్క. 65కీ 66కీ నడుమ తేడా చెంప మీది రెండు చిన్న గీతలే కావచ్చు, ధర మాత్రం అక్కడే దూకుతుంది. అడాల్ఫ్ వైన్‌మన్ గీసిన, నడిచే స్వేచ్ఛాదేవి బొమ్మ ఉన్న అర్ధడాలర్లు 1916 నుంచి 1947 దాకా వచ్చాయి. వాటిలో 1921వి చూడండి. డెన్వర్ టంకశాల 2,08,000 కొట్టింది, శాన్ ఫ్రాన్సిస్కో 5,48,000. లెక్క ప్రకారం డెన్వర్‌దే అరుదు. కానీ అరగని స్థితిలో కావాలంటే శాన్ ఫ్రాన్సిస్కో బిళ్ళకే ఎక్కువ పెట్టాలి, ఎందుకంటే దాన్ని అప్పట్లో ఎవరూ దాచుకోలేదు. ఎన్ని కొట్టారన్నది కాదు, ఎన్ని అలాగే మిగిలాయన్నదే పోటీ.

మన అర్ధరూపాయిదీ ఇదే కథ, ఇంకాస్త కఠినంగా. నిండు రూపాయి కుండలో, గోడలో, భూమిలో దాగింది. ఎనిమిదణాల బిళ్ళకు ఆ విశ్రాంతి తక్కువ. సంతలో కొబ్బరికాయల బేరానికీ, కూలికీ, పడవ కిరాయికీ తిరిగి తిరిగి అరిగింది. అందుకే ఏటికొకటి, టంకశాలకొకటి చొప్పున వరస పేర్చేవాళ్ళకు రూపాయి వరస కంటే అర్ధరూపాయి వరస ఎక్కువ చెమట పట్టిస్తుంది. అయిదో జార్జి బిళ్ళల్లో వెనకవైపు అడుగున తామరపువ్వు కింద చుక్క ఉంటే బొంబాయి, లేకుంటే కలకత్తా. 1911 బిళ్ళ మీద ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందని గోల పుట్టింది. మరుసటి ఏడే బొమ్మ మార్చారు. ఆ ఒక్క ఏడాది బిళ్ళ అంటే అందుకే అంత గిరాకీ. హైదరాబాదు వైపు వాళ్ళు చార్మినార్ ఎనిమిదణాల వరస కడతారు, అందులో నడిమి ద్వారంలోని ఉర్దూ అక్షరం చూసి నిజాముల్లో మహబూబ్ అలీదో ఉస్మాన్ అలీదో చెబుతారు. నాకు వీటన్నిటి కంటే ఇష్టమైనది 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాల నుంచి వచ్చిన వెండి అర్ధవరహా. ఒకవైపు గోపురం, మరోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళంతో పాటు తెలుగు అక్షరాలు. అప్పటికే మన సర్కారు జిల్లాలు మద్రాసు ఏలుబడిలో ఉన్నాయి.

అర్ధడాలరుకీ అర్ధరూపాయికీ వెండి చుట్టరికం కూడా ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడ రూపాయలకు కటకట వస్తే, 1918 పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. అందులో అత్యధిక భాగం బ్రిటన్‌కు అమ్మితే మన టంకశాలల్లో రూపాయలుగా మారింది. రెండో యుద్ధంలో మళ్ళీ 22 కోట్ల ఔన్సులకు పైగా అప్పిచ్చింది. ఆ అప్పు వెండిగానే తిరిగి తీర్చడానికి మన ప్రభుత్వం సగం వెండి నాణేలను చలామణీ నుంచి లాగేసింది. అంతకుముందే 1941-43 మధ్య విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి పాత వెండి బిళ్ళలకు అంచెలంచెలుగా చెల్లుబాటు పోయింది. ఆ తర్వాత వెండి ధర లేచినప్పుడల్లా మిగిలినవి కొట్టు మూసలోకి వెళ్ళాయి. త్రాసు ఏ ఏడాది బిళ్ళో చూడదు కదా.

ఇక్కడి తేమలో దాచడమూ ఒక విద్యే. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్ళకు చెమర్చి పచ్చటి జిడ్డు వదులుతాయి, అది వెండిని తింటుంది. మైలార్ కవరో గట్టి ప్లాస్టిక్ డబ్బీయో మేలు. పక్కన ఒక సిలికా పొట్లం. తడి, కొబ్బరిపీచు, రబ్బరు బాండు దగ్గరికి రానీయకూడదు. నూరేళ్ళు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా విదేశాలకు పంపడం 1972 పురావస్తు చట్టం ప్రకారం నేరం కాబట్టి, అమెరికా గ్రేడు కోసం పోస్టులో వేసేద్దామనుకోవద్దు. పునాది తవ్వుతుంటే బిందె దొరికితే కలెక్టరుకు చెప్పాలి, 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది.

పూజకు బజార్లో లక్ష్మీదేవి బొమ్మ కొత్త బిళ్ళలు దొరుకుతున్నాయి, వాటిని ఎంత తోమినా నష్టం లేదు. పాతవాటిని తోమకుండా ఒకసారి దీపం కింద వంచి చూడమంటాను. వెలుగు పట్టీ కదిలితే, అది ఏ ఏడాదిదో, తామరపువ్వు కింద చుక్క ఉందో లేదో రాసిపెట్టుకోవాలి. ఏ ఏడాది అర్ధరూపాయిలు తోముడు పడకుండా ఎన్ని మిగిలాయో మన జిల్లాల్లో ఎవరైనా లెక్క కట్టినట్టు నాకు తెలియదు.