పెళ్లి చట్టమూ, మన విమర్శకుల మౌనమూ

స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించాలా, అక్కర్లేదా అన్న చర్చలో అభ్యుదయ సాహిత్య విమర్శ ఇంతవరకూ పెద్దగా నోరు విప్పలేదు. విప్పిన కొద్దిమందీ రెండు వాదనల దగ్గర ఆగిపోతున్నారు. ఇది నగరాల్లో కడుపు నిండినవాళ్ల సమస్య అన్నది మొదటిది. వివాహమే సొంత ఆస్తి కోసం పుట్టిన వ్యవస్థ, దాన్ని కూల్చవలసిన మనం అందులోకి మరికొందరిని ఎందుకు పంపాలి అన్నది రెండోది. రెండూ వర్గదృక్పథం పేరుతోనే వస్తున్నాయి కనుక వాటి బాగోగులు మనమే తేల్చుకోవాలి.

మొదటి వాదన మనవాళ్లు మాత్రమే చేస్తున్నది కాదు. హైదరాబాదులో నివసించే ఒక జంట 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 'సుప్రియో' కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో, 2023 ఏప్రిల్‌లో, కేంద్రప్రభుత్వం ఇదే మాట రాసి యిచ్చింది: ఈ కోరిక పట్టణ ఉన్నతవర్గాల అభిప్రాయం మాత్రమేనని. రాష్ట్రాల అభిప్రాయం అడిగితే, రాజస్థాన్, అస్సాంలతో పాటు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ వ్యతిరేకమనే చెప్పింది. పాలకులకు సామాన్యుడి మీద హఠాత్తుగా పుట్టుకొచ్చిన ఈ ప్రేమను చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. మన పదజాలాన్ని ప్రభుత్వం ఎత్తుకుపోయిందో, ప్రభుత్వ వాదనకు మనమే ఎర్రరంగు పూస్తున్నామో చెప్పటం కష్టం.

అసలు చట్టం గుర్తింపు ఎవరికి అవసరం? ఆస్తిపరుడు వీలునామా రాయిస్తాడు, ఇద్దరి పేర్ల మీదా ఫ్లాటు కొంటాడు, వకీలును పెట్టుకుంటాడు. పెళ్లి సర్టిఫికెట్టు లేకపోయినా అతనికి చాలా పనులు జరిగిపోతాయి. కార్మికుడి సంగతి వేరు. 2025 దాకా అమల్లో వున్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టమే తీసుకోండి. కుటుంబం వున్న కార్మికుడు ఆ కుటుంబంలోని వారినే నామినీగా రాయాలి. బయటివారి పేరు రాస్తే చెల్లదు. ఆ చట్టం చెప్పే కుటుంబంలో భార్య లేక భర్త, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు వుంటారు. పదిహేనేళ్లు ఒకే గదిలో ఒకే కుండలో వండుకు తిన్న తోడు మాత్రం బయటి మనిషే. కేసు నడుస్తుండగా ప్రభుత్వం ఒక కమిటీ వేస్తానని ఒప్పుకుంది. ఆ తరువాత 2024లో వెలువడిన ప్రకటనల్లో వున్నవేమిటి? రేషన్‌కార్డు విషయంలో ఒకే ఇంటివారిగా చూడటం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, దగ్గరి బంధువులు లేనప్పుడు తోడు మనిషికి శవాన్ని అప్పగించటం. ఉన్నతవర్గాల విలాసాల జాబితా ఇలాగే వుంటుందా?

రెండో వాదనకు కొంత బలం వుంది. కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం ఎలా పుట్టాయో వివరిస్తూ ఎంగెల్స్ 1884లో రాసిన పుస్తకం మనలో చాలామందికి తొలిపాఠం. (అదే పుస్తకంలో గ్రీకు పురుషుల స్వలింగ సంబంధాలను ఆయన ఏవగింపుతో ప్రస్తావించాడు. స్టడీ సర్కిళ్లలో ఆ పేజీ దగ్గర ఆగినవాళ్లు తక్కువ.) కానీ ఈ వాదనను మనం ఇదివరకు ఎవరి మీదా ప్రయోగించలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించిన సంగతిని మనం గర్వంగానే చెప్పుకుంటాం. ఆ పిల్లను మళ్లీ ఆస్తి సంబంధాల్లోకి నెట్టాడని ఆయన్ను తప్పుపట్టం. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో వివాహవిధి రాసి పెళ్లిళ్లు చేయిస్తే మెచ్చుకుంటాం. దండల పెళ్లిళ్లకు సాక్షి సంతకాలు చేస్తాం. తమిళనాడులో ఆత్మగౌరవ వివాహాలకు 1967లో చట్టబద్ధత రావటాన్ని విజయంగానే లెక్కిస్తాం. పెళ్లి బూర్జువా వ్యవస్థ అన్న సంగతి ఫలానావారు తలుపు తట్టినప్పుడే ఎందుకు గుర్తుకు రావాలి?

రాజ్యం ఈ తలుపును ఎలా కాపలా కాస్తుందో తెలుగువాళ్లకు బాగా తెలియాలి. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి సరిత కేసులో హిందూ వివాహచట్టం 9వ సెక్షన్‌ను కొట్టివేశారు. కోర్టు డిక్రీతో మనిషిని కాపురానికి పంపే సెక్షన్ అది. మరుసటి ఏడే మరొక కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ను నిలబెట్టింది. ఇష్టంలేని స్త్రీని ఇంట్లోకి నెట్టే చెయ్యీ, ఇష్టపడి వచ్చిన ఇద్దరిని గడప దగ్గర ఆపే చెయ్యీ ఒకటే. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ వివాహం ప్రాథమిక హక్కు కాదన్నారు. వారిలో ముగ్గురు, పెళ్లి కాని మరో రకం బంధంగానైనా గుర్తించమని రాజ్యాన్ని ఆదేశించలేమన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి.

మరొక సంగతి. ఇదే సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న పరస్పర అంగీకారంతో వుండే స్వలింగ సంబంధం నేరం కాదన్నది. సరిగ్గా ఎనిమిది రోజులకు మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి భార్య కళ్లముందే నరికి చంపారు. ఎవరు ఎవరిని కట్టుకోవాలో తేల్చే అధికారం ఎవరి చేతుల్లో వుంది? కులపెద్దను ఈ ప్రశ్న అడిగేవాడు స్వలింగ దంపతుల దగ్గరికొచ్చేసరికి మాట మింగటం కుదరదు. ప్రత్యేక వివాహచట్టంలోని ముప్పై రోజుల నోటీసు కులాంతర, మతాంతర జంటల వెంట బంధువులను తరుముతూనే వుంది. 'సుప్రియో' కేసులో సవాలు చేసినవాటిలో ఆ నోటీసు కూడా వుంది.

సాహిత్యంలో ఈ తడబాటు పాతదే. ఇస్మత్ చుగ్తాయి 'లిహాఫ్' కథ 1942లో వచ్చింది. అశ్లీలమని లాహోరులో కేసు నడిచింది. 1945లో మన హైదరాబాదులోనే జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభలో డాక్టర్ అబ్దుల్ అలీం అశ్లీలతకు వ్యతిరేకంగా ఒక తీర్మానం పెట్టారు. దాన్ని అడ్డుకున్నది మౌలానా హస్రత్ మోహానీ, 'ఇంక్విలాబ్ జిందాబాద్' నినాదం యిచ్చిన మనిషి. తీర్మానం వీగిపోయింది, మంచిదే. కానీ వాదమంతా అశ్లీలమా కాదా అన్న దగ్గరే తిరిగింది. కథలో వున్నదేమిటి? మగపిల్లల పొందు కోరుకునే నవాబు పరువు కోసం చేసుకున్న పెళ్లి, ఆ పెళ్లిలో ఎండిపోయిన బేగం, ఆమెకు ఒళ్లు మర్దించే పనిమనిషి రబ్బూ. అన్నిటినీ భయం భయంగా చూసే ఒక చిన్నపిల్ల. బేగం ఒంటరితనాన్ని గురించి ఎంతైనా రాశారు. జీతానికి కుదిరిన రబ్బూకు ఆ దుప్పటి కింద కాదనే స్వేచ్ఛ వుందా? వర్గ విమర్శ మొదట అడగవలసిన ప్రశ్న అది. నా దృష్టిలో ఆ కథకు వున్న బలం, పరిమితి రెండూ అక్కడే వున్నాయి.

సోవియట్ రష్యా 1922 శిక్షాస్మృతిలో లేని నేరాన్ని 1934 నాటికి మళ్లీ తెచ్చిపెట్టారు. 'అమ్మ' రాసిన గోర్కీ ఆ ఏడు వ్యాసం రాసి స్వలింగ సంబంధాలను ఫాసిజంతో ముడిపెట్టాడు. అదే కాలంలో ఫాసిస్టులు ఆ మనుషులనే నిర్బంధ శిబిరాలకు పంపుతున్నారు. గోర్కీ అన్నాడు కదా అని ఇంకా వల్లించేవారు, క్యూబా ప్రజలు 2022 సెప్టెంబరులో దాదాపు 67 శాతం ఓట్లతో కొత్త కుటుంబచట్టాన్ని ఆమోదించి స్వలింగ వివాహాలను చట్టబద్ధం చేశారని కూడా చెప్పాలి.

తెలుగులో మన ముందున్న పుస్తకాల్లో ముఖ్యమైనది ఎ. రేవతి ఆత్మకథ. పి. సత్యవతి అనువదించిన 'ఒక హిజ్రా ఆత్మకథ'కు 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. దాన్ని వేదనగా, కన్నీటిగాథగా చదివి పక్కన పెడుతున్నాం. అందులో బతుకుదెరువు వుంది, సంపాదన గురువుకు అప్పజెప్పే పద్ధతి వుంది, పోలీసు దెబ్బలున్నాయి. కొట్టి వెళ్లగొట్టిన రక్తసంబంధం ఒకవైపు, అన్నం పెట్టిన గురువూ తోటి చేలాలూ ఒకవైపు. 'సుప్రియో' కేసులోనూ ఒక పిటిషన్ ఈ మాటే అడిగింది: పుట్టింటి హింస నుంచి రక్షణ కావాలని, తాము ఎంచుకున్న మనుషులను తమవాళ్లుగా రాసుకోనివ్వమని. దానికి పత్రికల్లో అంతగా పేరు రాలేదు. పెళ్లి ఫొటోలు లేవు కదా.