ఫెండరు లోపలి వైపు

చక్రమునుండి ఎగసిపడు బురదను, కంకరను, వాననీటిని అహర్నిశము సహించుచు, ఇరుకు వీథులలో ఇతర వాహనముల ఒరపిడిని తరచు తానే ముందుగా పొందుచు, కారు ఆయుర్దాయమంతయు దెబ్బలకు ఎదురొడ్డి నిలుచు అంగము ఫెండరు; పాత షెడ్లలో దానిని నేటికిని మడ్‌గార్డనియే పిలుతురు. విజయవాడ ఆటోనగరులో టింకరింగు మేస్త్రీల పనిని నిలుచుండి చూచుట నాకు చిరకాలముగా ప్రీతికరము. అచ్చట నా మనస్సున స్థిరపడిన అభిప్రాయమొక్కటే: లోపలి వైపు చూడనివాడు ఫెండరు వ్యాధిని గుర్తింపనూ లేడు, కుదుర్పనూ లేడు.

తుప్పునే తీసికొందము. ఇనుము తేమతోను ప్రాణవాయువుతోను కలిసి తుప్పుగా పరిణమించునపుడు, తాను పూర్వమాక్రమించిన చోటుకంటె అనేక రెట్లధికమైన చోటును కోరును గనుక, పైనున్న రంగు పొరను పొక్కుగా లేవనెత్తును. కందిగింజంత పొక్కును గోకి చూచినచో దాని వెనుక అరచేతి వెడల్పున రేకు క్షయించియుండుట అరుదు కాదు. చక్రముపై కమానుగా వంగిన అంచు లోపలికి మడిచిన చోటను, ఫెండరు అడుగుభాగము తలుపు క్రింది పట్టీని కలియు మూలను, ఫెండరు లోపలి వైపును కప్పు ప్లాస్టిక్ లైనరు వెనుకను ఎండుటాకులు, మట్టి చేరి, నీరు జారిపోవలసిన రంధ్రములను మూసివేయును. విశాఖ, కాకినాడ వంటి తీరనగరములలో ఉప్పుగాలి ఆ క్షయమును మరింత త్వరితము చేయును. వర్షములు వెనుదిరుగగానే లైనరు విప్పించి నీటిధారతో కడిగించినవాడు ఈ బాధలో అధికభాగమును తప్పించుకొనును.

పాత కారు కొనువాడు ట్యూబులైటు ప్రతిబింబమును రేకుమీద నిదానముగా చూడవలెను; ఆ గీత ఎచ్చట వణకునో అచ్చట పూర్వపు మరమ్మతు కలదని శంకింపవచ్చును. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతమును జరుపగా, దాని పట్టు సడలిన చోట సొట్టను పూడ్చిన పుట్టీ మందముగా ఉన్నదని గ్రహింపవలెను; అల్యూమినియపు ఫెండర్లకు మాత్రమీ పరీక్ష చెల్లదు.

సొట్ట తీయుట నిజముగా గొప్ప విద్య. నేర్పరియైన మేస్త్రి సొట్ట నడుమ సుత్తితో బాదడు. రేకు ఏ క్రమమున వంగెనో దానికి విలోమముగా, కడపట పడిన మడతను మొదట విప్పుచు, వెనుక డాలీ అను ఇనుప దిమ్మనానించి, అంచులనుండి నడుమకు చిన్న చిన్న దెబ్బలతో వచ్చును. సాగిపోయిన చోటును గ్యాసు మంటతో బొట్టంత మేర ఎఱ్ఱబారునట్లు కాల్చి, తడిగుడ్డ నొత్తి ముడుచుకొనజేయును. ఉత్తరపారా కర్మాగారమున 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడరు కారు రేకు ఈ పనికి చక్కగా ఓర్చెడిది; మిల్లీమీటరుకంటె పలుచనైన నేటి రేకులు అంతటి మంటకు తాళలేవు.

పుట్టీ దోషము కాదు, దాని అతివినియోగము దోషము. రెండు మూడు మిల్లీమీటర్లు దాటిన పుట్టీ బీటలు వాఱును. తూటుపడిన రేకుమీద పూసినచో వెనుకనుండి తేమను పీల్చి ఊడిపోవును. అట్టి చోట తుప్పు కోసివేసి కొత్త రేకు అతుకవలెను. ముందు ఫెండరు బోల్టులతో బిగించినదైనచో మార్చుటయే మేలు. వెనుకది సాధారణముగా కారు దేహముతో వెల్డు చేయబడియుండును గనుక దానిని కోయుటకు ముందు బాగుగా యోచింపవలెను. ఏ మరమ్మతునందైనను లోపలి వైపు ప్రైమరు పూసి, అది పూర్తిగా ఆరినపిదపనే లైనరు బిగింపవలెనని మేస్త్రితో ముందుగానే చెప్పుకొనవలెను.