వెలుగును దాటనిచ్చే తోలు

చెప్పులకైతే తోలును వంచి చూస్తాం. సంచికైతే లాగి చూస్తాం. తోలుబొమ్మకైతే ఎండకు ఎదురుగా ఎత్తిపట్టి చూడాలి. వెనక పెట్టిన వేళ్ల నీడ ఇవతలికి కనబడాలి. కనబడకపోతే ఆ తోలు ఎంత గట్టిదైనా, ఎంత నున్ననిదైనా బొమ్మకు పనికిరాదు.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట పేరు చెప్పగానే అందరికీ రంగులే గుర్తొస్తాయి: ఎర్రటి పెదవులు, నల్లటి కనురేఖలు, నిలువెత్తు రావణుడు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే బొమ్మ బాగోగులు కుంచె దగ్గర తేలవు, ఉలి దగ్గరా తేలవు. అంతకంటే చాలా ముందే, తోలును ఎంచుకున్నప్పుడే తేలిపోతాయి.

పచ్చి తోలే ఎందుకు?

మనం రోజూ వాడే తోలు వస్తువులన్నీ పదును చేసిన తోలుతో తయారైనవే. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు మనందరికీ తెలుసు. ఆ తంగేడు చెట్టు చెక్కనే ఒకప్పుడు దక్షిణాది తోళ్ల పరిశ్రమ నమ్ముకుంది. ఆ చెక్కలోనూ, కరక్కాయలోనూ ఉండే వగరు తోలులోని నారపోగులను పట్టుకుని కుళ్లకుండా కాపాడుతుంది. పోగుకూ పోగుకూ మధ్య ఎడం నిలిచిపోతుంది కాబట్టి తోలు మెత్తగా వంగుతుంది, నీళ్లకు ఓర్చుకుంటుంది. చెప్పుకైనా, బావి మోటకు కట్టే తొండానికైనా ఆ గుణమే కావాలి. కానీ అదే ఎడం వెలుగును చెదరగొడుతుంది, వగరు రంగు తోలును గోధుమ వన్నెకు తిప్పుతుంది. పదును చేసిన తోలు దీపానికి అడ్డుగోడే.

బొమ్మ తోలుకు ఆ పదును పెట్టరు. వెంట్రుకలు తీసి, లాగి కట్టి, ఎండలో ఆరనిస్తారు. బిగువు మీద ఆరేటప్పుడు పోగులు ఒకదానికొకటి అతుక్కుని పొరలుగా సర్దుకుంటాయి. మధ్యలో గాలి ఖాళీలు మిగలవు కాబట్టి వెలుగు దాటిపోతుంది. డప్పు మూతకు వాడేదీ ఇలాంటి పచ్చి తోలే. చెమ్మ తగిలితే వదులవుతుంది కాబట్టే డప్పును కొట్టే ముందు మంట దగ్గర కాస్తారు. బొమ్మకూ అదే బలహీనత. వానాకాలంలో అంచులు ముడుచుకుంటాయి, పురుగు పట్టే భయమూ ఎక్కువే.

దక్షిణాదిన నీడబొమ్మలన్నీ ఒక్క తీరువి కావు. కేరళ తోల్పావకూత్తులో తెర మీద పడేది ప్రధానంగా నల్లని నీడ. అక్కడ తోలులోంచి వెలుగు దాటాల్సిన అవసరం లేదు, అంచూ రంధ్రాలూ చాలు. తెలుగు బొమ్మ రంగుల నీడ వేస్తుంది. సీతమ్మ చీర ఎరుపు తెరకు ఇవతల కూర్చున్నవారికీ ఎరుపుగానే కనబడాలి. అందుకే ఇక్కడ తోలు ఎంపికకు ఇంత పట్టింపు.

మేక బతుకంతా తోలు మీదే

ఎక్కువ బొమ్మలకు మేక తోలే ఆధారం. పలచగా ఉంటుంది, పోగు సన్నం, మాంసం కోసం కోసిన మేక నుంచే దొరుకుతుంది. అలాగని దొరికిన ప్రతి తోలూ పనికిరాదు. మేక ముళ్లకంపల్లో మేసి ఉంటే గీతలుంటాయి. గోమార్లు పట్టి ఉంటే చుక్కలుంటాయి. ఒలిచేటప్పుడు కత్తి జారితే కండ వైపు గాటు పడుతుంది. పైకి కనబడని ఆ గాటు తోలును లాగి కట్టినప్పుడు చిరుగై నోరు తెరుస్తుంది. నెత్తురు సరిగా కారకపోతే నరాల జాడలు నల్లగా నిలిచిపోతాయి. కొవ్వు మిగిలినచోట రంగు పట్టదు.

ఒకే తోలులోనూ అన్ని భాగాలూ ఒక్కటి కావు. వెన్ను వెంట దళసరిగా, బిగువుగా ఉంటుంది. మెడ దగ్గర ముడతలుంటాయి. పొట్ట వైపు పలచన, లాగితే సాగిపోతుంది. ముఖానికి మచ్చ లేని, మందం సమంగా ఉన్న చోటు కావాలి. సాగే తోలు మీద ముఖం గీస్తే ఆరాక మూతి వంకరపోతుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది తాజాదనం. మన ఎండలకు ఒలిచిన తోలు గంటల్లోనే చెడడం మొదలవుతుంది. వెంట్రుకలు పట్టి లాగితే కుచ్చుగా ఊడివస్తోందంటే పని సులువైందని సంబరపడకూడదు, అది కుళ్లు మొదలైన గుర్తు. వెంటనే పనిలోకి దించలేకపోతే ఉప్పు పట్టించి ఉంచాలి. ఆ ఉప్పును తర్వాత పూర్తిగా కడిగెయ్యాలి. మిగిలితే గాలిలోని చెమ్మను లాగుతూనే ఉంటుంది.

పాత్రను బట్టి తోలు

పూర్వం దేవతలకూ ఇతిహాస నాయకులకూ జింక తోలు వాడేవారు. భీముడు, రావణుడు లాంటి మొరటు పాత్రలకు దుప్పి తోలు, మిగతావారికి మేక తోలు. రావణుడిని మేక తోలుతో చేస్తే కనీసం నాలుగు తోళ్లు కావాలని లెక్క: మొండేనికి ఒకటి, కాళ్లకు ఒకటి, ఐదు చేతుల చొప్పున రెండు జట్లకు రెండు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింక, దుప్పి తోళ్ల మాట ముగిసింది. ఆ చట్టం న్యాయమైనదే. ఆ తోళ్లకున్న దిటవును మేక తోలులో రాబట్టాలంటే ఎంపికలో మరింత శ్రద్ధ కావాలి, అంతే.

గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ కండ పొరా గీకే పని దగ్గర తొందర పనికిరాదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ గీకితే దీపం ముందు తోలు మేఘాల ఆకాశంలా కనబడుతుంది. ఆరిన తోలు మీద బొమ్మ గీసి, ఉలితో నగల రంధ్రాలు కొడతారు. పెళుసెక్కిన తోలైతే ఇక్కడ చిట్లుతుంది. రంగు తోలులోకి ఇంకాలి, పైన పెచ్చులా నిలవకూడదు. అందుకే పలచటి రంగులనే వాడి, రెండు వైపులా అద్దుతారు. తాటి బద్ద మధ్యలో పెట్టి కట్టి, కాళ్లూ చేతులూ ముడులతో తగిలిస్తే బొమ్మ ఆటకు సిద్ధం.

కొనేవారికి ఒక మాట

ఆట తగ్గింది, ల్యాంప్‌షేడ్లు పెరిగాయి. ఒకప్పుడు రాత్రంతా రామాయణం ఆడిన తోలు ఇప్పుడు డ్రాయింగు రూములో గుండ్రంగా చుట్టుకుని కూర్చుంటోంది. దాన్ని తప్పుపట్టడానికి లేదు, చేతిపనివాడి పొయ్యి వెలగాలి. కానీ గోడకు వేలాడదీసే బొమ్మలో తోలు ఎలాంటిదైనా రంగు కింద దాగిపోతుంది. నాసి తోలుకూ మంచి తోలుకూ ధరలో తేడా తెలియకపోతే, మంచి తోలు కోసం తిరిగే ఓపిక ఏ పనివాడికి మిగులుతుంది?

అందుకే కొనే ముందు వెనక ఒక బల్బు వెలిగించమని అడగండి. వెలుగు సమంగా పరుచుకోవాలి. రంధ్రాల అంచులు నున్నగా తెగి ఉండాలి. వెంట్రుక కుదుళ్ల సన్నటి చుక్కలు, అక్కడక్కడ నరం జాడ కనబడితే భయపడకండి. అది నిజమైన తోలని చెప్పే గుర్తు. ప్లాస్టిక్ రేకు మీద ఆ జాడలుండవు. ఇంటికి తెచ్చాక తడిగుడ్డతో తుడవకండి, వేడెక్కే బల్బు పెట్టకండి, ఎల్‌ఈడీ చాలు. ముసురు పట్టిన రోజుల్లో చెమ్మ గోడకు దూరంగా ఉంచండి.