మోటారు నాడి చూడటం నేర్పేవారు

కాలిన మోటారును బల్ల మీద పెట్టి, మూత విప్పి, "ఎందుకు కాలింది?" అని అడుగుతారు మంచి శిక్షకులు. "ఓవర్‌లోడ్ సార్" అంటారు కుర్ర ఇంజినీర్లు. ఆ జవాబు ఎప్పుడూ నోట్లోనే ఉంటుంది. అప్పుడు శిక్షకులు వైండింగ్ చూపిస్తారు. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల చుట్లు మాడి, మూడోది చెక్కుచెదరకుండా ఉంటే సప్లైలో ఒక ఫేజు పోయినట్టు. డెల్టాలో అయితే మాడేది ఒక్కటే. ఓవర్‌లోడైతే మూడూ ఒకేలా నల్లబడతాయి.

బోరు మోటార్లు రీవైండింగ్ చేసే మెకానిక్‌కి ఇది చూడగానే తెలుస్తుంది. డిగ్రీ ఉన్నవాళ్లకే నేర్పాల్సి వస్తోంది!

అదురు పాఠం ఇంకా సరదా. తిరుగుతున్న మోటారుకు స్విచ్ ఆపిస్తారు. కరెంటు పోయిన క్షణమే అదురు మాయమైతే లోపం విద్యుత్‌ది. వేగంతో పాటు మెల్లగా తగ్గితే బ్యాలెన్సో, అలైన్‌మెంటో, బేరింగో చూడాలి.

ఆపకుండా పట్టే విద్యా ఉంది. 50 హెర్ట్జ్ సప్లై మీద నిమిషానికి 1470 చుట్లు తిరిగే నాలుగు పోళ్ల మోటారులో రోటార్ కడ్డీ విరిగితే, కరెంటు స్పెక్ట్రమ్‌లో 48, 52 హెర్ట్జ్ దగ్గర చిన్న శిఖరాలు లేస్తాయి. తెర చూపించే ముందు ఆ అంకెల్ని విద్యార్థి చేతే లెక్క కట్టిస్తారు. స్లిప్, అంటే రోటార్ ఎంత వెనకబడి తిరుగుతోందో, తెలియనిదే లెక్క తేలదు కాబట్టి మొదట చేతికిచ్చేది టాకోమీటరే.